కొండ కొమ్ముల బల్లులు: గోదావరి ఎగువ తూర్పు కనుమలపై ఒక సమీక్ష

గోదావరి డెల్టా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున పరచుకున్న ఒండ్రు నేల కాగా, రాజమహేంద్రవరం దాటి ఉత్తరానికి, ఈశాన్యానికి సాగితే పాపికొండలు, రంప, మారేడుమిల్లి మన్యం మీదుగా అరకు, గాలికొండ, ఒడిశా సరిహద్దులోని దేవమాలి వరకు కొండల వరుస అంతకంతకూ ఎత్తు పెరుగుతూ పోతుంది. దేవమాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు. ఈ కొండల పైభాగాన అడవి పలచబడి, బండరాళ్ళూ గడ్డీ చిట్టీత పొదలూ కలిసిన మైదానాలు ఏర్పడిన చోట్ల, వాటిని ఆనుకుని ఉన్న చల్లని అడవి అంచుల్లో, వేలెడంత పొడవు మించని బల్లి జాతులు కొన్ని నివసిస్తున్నాయి. వీటి గురించి ఇప్పటికి తెలిసినదేమిటి, ఇవి నిజంగానే అరుదైనవా లేక చూసేవారు లేకపోవడం వల్ల అరుదుగా నమోదయ్యాయా, వీటి మనుగడకు ముప్పు ఎటు నుంచి రాగలదు అన్న మూడు ప్రశ్నలు విడివిడిగా కనిపించినా ఒకదానిలో ఒకటి ముడిపడి ఉన్నాయి.

బల్లి అనగానే తెలుగువారికి గుర్తుకొచ్చేది ఇంటి గోడ మీది బల్లే. పంచాంగాల్లో బల్లిపాటు ఫలితాలకు ఒక పుట ఉంటుంది. మాట్లాడుతుండగా బల్లి పలికితే ఆ మాట నిజమని నమ్మే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కంచి వరదరాజస్వామి ఆలయంలో బంగారు బల్లిని తాకి వస్తే బల్లిపాటు దోషం అంటదని గోదావరి జిల్లాల యాత్రికులూ చెప్పుకుంటారు. మనిషికి ఇంత చేరువైన ఈ ప్రాణికి ఇల్లు దాటి కొండెక్కితే ఎందరో చుట్టాలున్నారన్న సంగతి మాత్రం ఎక్కువ మందికి తెలియదు. శాస్త్రజ్ఞులు గెకోలని పిలిచే ఈ వర్గం తొండలకు, నలికిరులకు, ఉడుములకు భిన్నమైనది: వీటిలో దాదాపు అన్నిటికీ కదిలే కనురెప్పలు ఉండవు కనుక కంటి మీది పారదర్శకమైన పొరను నాలుకతో తుడుచుకుంటాయి, ఎక్కువ జాతులు రాత్రి సంచరిస్తాయి, మన ప్రాంతపు జాతులు సాధారణంగా ఒక ఈతకు రెండు గుడ్లు పెడతాయి. గోడబల్లి వేళ్ళ అడుగున అడ్డంగా ఉండే పలకల మీద కంటికి ఆనని సన్నని నూగు ఉంటుందనీ, ఆ నూగు కొసలకూ గోడకూ మధ్య పనిచేసే అణు స్థాయి ఆకర్షణ వల్లనే బల్లి నున్నటి అద్దం మీద కూడా నిలుస్తుందనీ 2000లోనూ ఆ తర్వాతా అమెరికాలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. అయితే కొండ బల్లులన్నిటికీ ఈ పలకలు లేవు. ఏ బల్లికి ఎలాంటి వేళ్ళున్నాయో చూస్తే అది ఎక్కడ బతుకుతుందో చాలావరకు ఊహించవచ్చు.

తూర్పు కనుమల బల్లుల చరిత్రలో మొదటి అధ్యాయం పంతొమ్మిదో శతాబ్దపు అధికారులది. మద్రాసు సైన్యంలో పనిచేసి, తర్వాత రెండు దశాబ్దాలకు పైగా మద్రాసు అటవీశాఖను నడిపిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ (1830–1911) ఉద్యోగరీత్యా తిరిగిన కొండలన్నిటా మొక్కలనూ పాములనూ బల్లులనూ సేకరించి, వాటికి పేర్లు పెట్టి, 1870లో మద్రాసు వైద్య పత్రికలో అనేక వర్ణనలు ప్రచురించాడు. తిరుపతి కొండల బంగారు బల్లి, తమిళనాడు షెవరాయ్ కొండల నారింజ వన్నె సన్నబల్లి ఆ ఏడాది వెలుగు చూసినవే. ఆ మరుసటి ఏడాది ఫెర్డినాండ్ స్టోలిచ్కా అనే మరో ప్రకృతి శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో, భద్రాచలం దగ్గర దొరికిన నమూనాల ఆధారంగా, దేశంలోని పెద్ద బల్లుల్లో ఒకటైన హెమిడాక్టైలస్ జైగాంటియస్‌ను వర్ణించాడు. ఆ విధంగా గోదావరి పేరు బల్లుల శాస్త్రంలోకి ఏనాడో ఎక్కింది. ఈ తొలి వర్ణనలు అమూల్యమైనవే అయినా వాటిలో ఒక లోపం ఉంది: చాలా జాతులకు ఆధారం ఒకటి రెండు నమూనాలు, ఒక కొండ పేరు, అడుగుల్లో ఒక ఎత్తు. ఆ కొండ ఏదో తర్వాతి తరం గుర్తుపట్టలేకపోతే జాతి కాగితం మీదనే మిగిలిపోతుంది.

సరిగ్గా అలాగే మిగిలిపోయినది జయపురం నేలబల్లి. 1877లో బెడ్డోమ్ దీనిని జయపురం ప్రాంతంలోని పాటింఘే కొండ మీద, 4,200 అడుగుల ఎత్తున, అంటే సుమారు 1,280 మీటర్ల దగ్గర దొరికిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా వర్ణించాడు. జయపురం సంస్థానం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అది అటు వెళ్ళింది. పటం మీద గీత మారింది కానీ కొండలు మారలేదు, బల్లి కూడా ఆ గీతను గుర్తించలేదు. ఆ తర్వాత దాదాపు 135 ఏళ్ళపాటు ఈ జాతిని చూసినట్టు ఎవరూ నమోదు చేయకపోవడంతో అది అంతరించి ఉండవచ్చన్న అనుమానం బలపడింది. చివరికి ఈశాన్ అగర్వాల్, అనిరుద్ధ దత్తా-రాయ్, ఆరన్ బాయర్, వరద్ గిరి తూర్పు కనుమల్లో ఆంధ్ర వైపూ ఒడిశా వైపూ దీనిని మళ్ళీ కనుగొని, 2012లో హమద్రియాడ్ పత్రికలో దాని రూపం, రంగు, ఆవాసం గురించి రాశారు.

ఈ బల్లిని దగ్గరగా చూస్తే గోడబల్లికీ దీనికీ ఉన్న దూరం తెలుస్తుంది. నారింజ కలిసిన గోధుమ వన్నె ఒంటి మీద ముదురు చాక్లెట్ రంగు మచ్చలు పరచుకుని ఉంటాయి. వీపు మీద సన్నని రవ్వల్లాంటి పొలుసులకు బదులు పెద్ద పొలుసులు వరుసలు తీరి కనిపిస్తాయి. వేళ్ళ అడుగున పలకలు లేవు, కొసన గోళ్ళు మాత్రమే ఉన్నాయి, కణుపుల దగ్గర వేళ్ళు వంపు తిరిగి ఉంటాయి. గోడ ఎక్కే అవసరం లేని, రాలిన ఆకుల మీదా రాళ్ళ కిందా నేలను అంటిపెట్టుకుని నడిచే జీవికి తగిన పాదం ఇది. ఇలాంటి నేలబల్లుల శాఖ ద్వీపకల్ప భారతానికీ శ్రీలంకకూ మాత్రమే పరిమితమైనది. పగలు రాతి కింద దాగి, రాత్రి తేమ ఉన్నప్పుడే బయటికి వచ్చే ఇంత చిన్న ప్రాణిని, ఎండాకాలపు పగటి పూట కొండెక్కే అధికారి చూడలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. 135 ఏళ్ళ మౌనానికి బల్లి కొరత ఎంత కారణమో, సరైన ఎత్తుకు సరైన వేళ వెళ్ళినవారి కొరత అంతకంటే పెద్ద కారణమని చెప్పడం న్యాయం.

అయితే చూసేవారు పెరిగితే అరుదైన జాతులు ఉండవని దీని నుంచి తీర్మానించడం పొరపాటు. అలా ఎందుకు తీర్మానించకూడదో చూపించే ఉదాహరణ సన్నబల్లులు. తల నుంచి తోక మొదలు వరకు సుమారు నాలుగు సెంటీమీటర్లకు మించని, సన్నని పొడవాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు ఉన్న ఈ బల్లులను దక్షిణ భారతంలో దాదాపు ఒకటిన్నర శతాబ్దం పాటు ఒకే జాతిగా, అంటే బెడ్డోమ్ 1870లో వర్ణించిన షెవరాయ్ కొండల జాతిగా లెక్కించారు. ఏ కొండ మీద దొరికినా దానికి అదే పేరు పెట్టారు. 2019లో ఈశాన్ అగర్వాల్, అక్షయ్ ఖాండేకర్, వరద్ గిరి, ఉమా రామకృష్ణన్, ప్రవీణ్ కారంత్ వేర్వేరు కొండల నమూనాల జన్యు పదార్థాన్ని పోల్చి చూసినప్పుడు, ఒకటిగా అనుకున్నది దాదాపు పన్నెండు వేర్వేరు జాతుల సమూహమని తేలింది. అందులో మూడింటికి వారు అప్పుడే పేర్లు పెట్టారు: ఒకటి తమిళనాడు కొల్లి కొండలది, ఒకటి బెంగళూరుది, మూడోది మన అరకుది. హెమిఫిల్లోడాక్టైలస్ అరకుయెన్సిస్ అన్న పేరుతో అరకు శాస్త్రగ్రంథాల్లో ఒక బల్లికి చిరునామా అయింది.

ఒకే పోలికలున్న బల్లులు ఇన్ని జాతులుగా ఎలా చీలిపోయాయన్న ప్రశ్నకు జీవశాస్త్రజ్ఞులు ఆకాశ ద్వీపాలనే భావనతో సమాధానమిస్తారు. సముద్రం మధ్య ద్వీపం మీద చిక్కుకున్న జీవులు మిగతా ప్రపంచానికి దూరమై వేరే దారిలో పరిణమించినట్టే, వేడి మైదానాల మధ్య ఎత్తుగా నిలిచిన చల్లని కొండ మీది జీవులు కూడా పక్క కొండ బంధువుల నుంచి తెగిపోతాయి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు గాలి ఉష్ణోగ్రత సగటున ఆరు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక, జయపురం బల్లి తొలిసారి దొరికిన ఎత్తున వాతావరణం రాజమహేంద్రవరం కంటే సుమారు ఎనిమిది డిగ్రీలు చల్లగా ఉంటుందని లెక్క కట్టవచ్చు. ఒంటి నీరు త్వరగా ఆవిరయ్యే చిన్న ప్రాణికి ఈ తేడా చావు బతుకుల తేడా. దేశంలో చల్లని తడి అడవులు విస్తరించిన పూర్వ యుగాల్లో ఒక కొండ నుంచి ఇంకో కొండకు నడిచిపోగలిగిన బల్లులు, వాతావరణం పొడిబారాక పైపైకి తగ్గిపోయి, ఎక్కడివక్కడే లక్షల సంవత్సరాలు వేరుగా బతికి వేరు జాతులయ్యాయన్నది ఈ వాదం సారాంశం.

వాదం ఆకర్షణీయమైనదే కానీ దానిని అన్నిటికీ వర్తించే సూత్రంగా మార్చుకోకూడదు. బెంగళూరు సన్నబల్లి మహానగరం మధ్య విద్యాసంస్థల ఆవరణల్లో కూడా బతుకుతున్నది; 2020లో ఒడిశాలోని ఒక పవిత్ర వనం నుంచి వర్ణించిన అతి చిన్న సన్నబల్లి ఎత్తైన కొండది కాదు. ఎత్తు ఒక కారణం మాత్రమేననీ, నీడ, తేమ, కలత లేని చిన్న ఆశ్రయం దొరికితే ఈ బల్లులు దిగువన కూడా నిలవగలవనీ ఇవి సూచిస్తున్నాయి. తిరుమల కొండల నుంచి 2025లో వెంకటాద్రి పేరుతో మరో సన్నబల్లి, అంతకు ముందు 2020లో నెల్లూరు వైపు వెలికొండల నుంచి పగటి పూట తిరిగే చిన్న బల్లి ఒకటి, రిషివ్యాలీ పరిసరాల నుంచి మరికొన్ని, 2017లో తూర్పు కనుమల నుంచి ఒడిశా శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా పేరు మీదుగా ఒక పెద్ద బల్లి వెలుగు చూశాయి. ఒక్క దశాబ్దంలో ఇన్ని పేర్లు రావడానికి కారణం కొత్త బల్లులు పుట్టుకురావడం కాదు, జన్యు పరీక్ష చేతికి రావడం, రాత్రిపూట కొండల్లో తిరిగే యువ పరిశోధకులు పెరగడం.

కొండల దిగువన, గోదావరి ఒడ్డున పరిస్థితి వేరు. పాపికొండల్లో కూడా కనిపించే బంగారు బల్లిది అరుదుతనం గురించి మరో పాఠం. బెడ్డోమ్ తర్వాత శతాబ్దానికి పైగా దాదాపు మరుగున పడిన ఈ బల్లిని జె.సి. డేనియల్, భరత్ భూషణ్, ఎ.జి. శేఖర్ తిరుమల కొండల్లో మళ్ళీ గుర్తించినట్టు 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. అటు తర్వాత నల్లమల, పాపికొండలు, తమిళనాడు కొండలు, ఇలా అనేక చోట్ల అది కనిపించింది. దీని దగ్గరి బంధువు శ్రీలంకలో ఉంది. ఈ ప్రజాతిలో ఉన్నవి ఆ రెండు జాతులే. సంతాన కాలంలో మగబల్లి ఒళ్ళు పసుపు బంగారు వన్నెకు తిరుగుతుంది. వాగుల పక్కన వంగిన బండల అడుగున, వాన తగలని నీడలో, అనేక ఆడబల్లులు ఏటా ఒకే రాతికి గుడ్లు అతికిస్తాయి. పిల్లలు వెళ్ళిపోయాక మిగిలిన పెంకుల గుండ్రటి తెల్లని ముద్రలు పాత గుడ్ల మీద కొత్త గుడ్లుగా పేరుకుని, ఆ బండను తరతరాల పురిటిగదిగా చూపిస్తాయి. అలాంటి బండ ఒకటి నీట మునిగితే పోయేది ఒక ఏటి సంతానం మాత్రమే కాదు. పోలవరం జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు కనుక కొండ కొమ్ముల జాతులకు దాని వల్ల నేరుగా ముప్పు లేదు. లోయ అడుగు బండలను నమ్ముకున్న జీవుల విషయంలో అలా చెప్పలేము.

కొండ పైభాగపు గడ్డి మైదానాల దగ్గరికి వస్తే ప్రశ్న భూగర్భశాస్త్రంతో మొదలవుతుంది. ఈ కొండల్లో ప్రధానమైన శిలను కోందు గిరిజనుల పేరు మీదుగానే ఖోండలైట్ అని పిలుస్తారు. వేడీ వానా దీనిని యుగాల పాటు కరిగించగా, చదునైన కొండ నెత్తిన మిగిలిన గట్టి ఎర్రటి పొరే బాక్సైట్, అంటే అల్యూమినియం ముడి ఖనిజం. ఆ పొర మీద మట్టి పలచన కాబట్టి పెద్ద చెట్లు వేళ్ళూనలేవు. గడ్డి, చిట్టీత, రాతి పగుళ్ళలోని పొదలే నిలుస్తాయి. ఈ మైదానాలు పూర్తిగా ప్రకృతి సిద్ధమైనవా, లేక పోడు వ్యవసాయం, వేసవి మంటల వల్ల అడవి వెనక్కి తగ్గితే ఏర్పడినవా అన్నది ఎడతెగని చర్చ. రెండూ కలిసి పనిచేశాయనడమే సబబుగా తోస్తుంది, కొండ కొండకూ పాళ్ళు మారవచ్చు. ఏది ఏమైనా గనుల సంస్థలు కోరే స్థలమూ, చల్లని కొండ బల్లులు బతికే ఎత్తూ చాలా చోట్ల ఒకటే కావడం ఈ జీవుల దురదృష్టం.

ఒడిశా కొరాపుట్ జిల్లాలోని పంచపట్మాలి కొండ మీద నాల్కో సంస్థ 1980ల నుంచి బాక్సైట్ తవ్వుతున్నది. ఆంధ్ర వైపు గాలికొండ, రక్తకొండ, జెర్రెల నిక్షేపాల చరిత్ర ఎక్కువగా వివాదాల చరిత్ర. అనంతగిరి మండలం గనుల నుంచి పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. 2015లో జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని గనులకు కేటాయిస్తూ వెలువడిన 97వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు గిరిజనుల తీవ్ర వ్యతిరేకత నడుమ నిలిచిపోయి, 2019లో రద్దయింది. ఈ పోరాటాలన్నీ భూమి కోసం, నీటి కోసం, బతుకుతెరువు కోసం జరిగినవే. వాటిలో బల్లి మాట ఎక్కడా లేదు. అయినా అరకు పరిసరాల్లో ఈ చిన్న జాతులు ఇంకా ఉన్నాయంటే అందులో శాస్త్రజ్ఞుల కంటే, అటవీ చట్టాల కంటే, కొండ మీది ఊళ్ళ పట్టుదల పాత్ర ఎక్కువని ఒప్పుకోవాలి.

పోడునూ గనులనూ ఒకే గాటన కట్టే అలవాటు పరిరక్షణ రచనల్లో కనిపిస్తుంది కానీ అది సరికాదు. పోడు చేసి కొన్నేళ్ళు వదిలిన నేల మళ్ళీ పొదలెక్కుతుంది, రాళ్ళు ఉన్నచోటనే ఉంటాయి. బాక్సైట్ పొరను లేపేస్తే రాయి, పగులు, తేమ, వాటితో పాటు ఆవాసమే పోతుంది. కాఫీ తోటల లెక్క వేరు. అరకు, చింతపల్లి ప్రాంతాల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియపు తీగలతో కలిపి సాగు చేసే కాఫీ రాలిన ఆకునూ తేమనూ కొంతవరకు నిలుపుతుంది కనుక నేలబల్లులకు పూర్తిగా ప్రతికూలం కాకపోవచ్చు. అయితే దాని కోసం రాళ్ళు ఏరి చదును చేస్తే ఆ మేలు దక్కదు. గడ్డికి ఏటా పెట్టే నిప్పు మరో సమస్య, ఎందుకంటే బండ కింద దాగిన పెద్ద బల్లి తప్పించుకున్నా రాతి అంచున పెట్టిన గుడ్లు మాడిపోతాయి. వీటన్నిటికీ పైన నెమ్మదిగా కమ్ముకొస్తున్నది వేడి: దిగువన ఉన్న జీవి ఇంకాస్త పైకి పోగలదు, కొండ కొమ్మున ఉన్న జీవికి పోవడానికి పైన ఇక చోటు లేదు. న్యూజిలాండ్ పర్వతాల గడ్డిలో, రాళ్ళలో బతికే బల్లులు చలికి తట్టుకోవడానికి గుడ్లు మాని పిల్లలనే కనేలా పరిణమించాయి. మన కొండ బల్లులకు ఎదురవుతున్నది దానికి విరుద్ధమైన పరీక్ష, అదీ తరాల లెక్కన చాలా తక్కువ వ్యవధిలో.

చట్టం సంగతి చూస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో బంగారు బల్లికి చోటు దక్కింది. తూర్పు కనుమల్లో అనేక చోట్ల విస్తరించిన ఆ జాతికి రక్షణ ఉండటం మంచిదే. కానీ పేరు లేని జీవిని ఏ చట్టమూ పట్టికలో చేర్చలేదు. 2019 వరకు అరకు సన్నబల్లి షెవరాయ్ బల్లి పేరుతోనే చలామణి అయినంత కాలం, కొద్ది ప్రాంతానికే పరిమితమైన జీవి దక్షిణాది అంతటా ఉన్నట్టు లెక్క తేలింది. జాతుల వర్గీకరణ సంగ్రహాలయాల అలమరాల పని మాత్రమేనని అనుకునేవారికి ఇంతకంటే చక్కని జవాబు లేదు. ఒక కొండకు గనుల అనుమతి అడిగినప్పుడు పర్యావరణ ప్రభావ నివేదికలో సరీసృపాల పట్టిక ఎండాకాలపు పగటి సర్వేతో తయారైతే, అందులో ఈ బల్లులు కనిపించకపోవడం ఖాయం. కనిపించలేదు కాబట్టి లేవని రాయడం సులభం.

అందుకే ఒకప్పటి తూర్పుగోదావరి మన్యంలో, మారేడుమిల్లి పైన పుల్లంగి దాటాక వచ్చే గుడిస గడ్డి కొండల విషయం ప్రత్యేకంగా ప్రస్తావించాలి. కొన్నేళ్ళుగా రాజమహేంద్రవరం, కాకినాడ నుంచి సూర్యోదయం చూడటానికి వందల వాహనాలు అక్కడికి ఎక్కుతున్నాయి. గాలికొండ, దేవమాలి లాంటి చోట్ల బల్లులు నేర్పిన పాఠం ప్రకారం, రాయీ గడ్డీ అడవి అంచూ కలిసిన ఇలాంటి కొండను పరీక్షించాల్సినది తొలకరి తర్వాతి వాన రాత్రుల్లో, తలదీపాలతో, స్థానిక కొండరెడ్ల తోడుతో. గోదావరి జిల్లాల విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర శాఖలూ అటవీశాఖా కలిసి, అక్కడ కొత్త రోడ్లకూ విడిది గృహాలకూ అనుమతులు ఇచ్చే ముందే ఆ సర్వే చేయించాలి. ఈలోగా గుడిస ఎక్కే యాత్రికులు పొయ్యి కోసం, ఫోటో కోసం బండలను కదపకుండా ఉంటే, పొరపాటున తిప్పిన రాతిని తిరిగి అదే గుంటలో, అదే పక్కన పెట్టి వస్తే చాలు.